తండ్రి పేరుకీ భర్త పేరుకీ మధ్య

(ములుగులో మహిళా కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వంశ చరిత్ర అనగానే అదేదో ఉన్నవాళ్ల సరదా అనిపిస్తుంది. దొరల గడీల్లో గోడకు వేలాడే పటాలు గుర్తొస్తాయి. కూలికి పోయేవాళ్లకు దాంతో ఏం పని అంటారు. ములుగులో మాత్రం దాంతో చాలా పని ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనేతరులు అడవి భూమి మీద హక్కు అడగాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిని నమ్ముకుని అక్కడే బతికినట్టు చూపించాలి. వెనక్కి లెక్క వేయండి. 1930 వస్తుంది. నిజాం కాలం. ఇప్పుడు తిరుగుతున్న ఏ కార్డూ అప్పటికి పుట్టలేదు.

ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో 2008 నాటి నియమాల్లో 13వ నియమం చెబుతుంది. పాత రికార్డుల్లో పేరున్న మనిషి దాకా తీసుకెళ్లే వంశవృక్షం కూడా అందులో ఉంది. ఊరి పెద్దల మాట రాయించి పెట్టినా లెక్కలోకి వస్తుంది. అయితే ఒక్క సాక్ష్యంతో సరిపోదు, ఒకటికి మించి ఉండాలి. కాబట్టి "మా అవ్వ ఎవరు, ఏ కాయితంల ఉన్నది" అని అడగడం ఇక్కడ హక్కుల పనిలో భాగమే.

ఆ వెతుకులాటలో తాత ఏదో ఒకచోట దొరుకుతాడు. అవ్వ దొరకదు. నేను ఇవాళ అవ్వ గురించే మాట్లాడదామని వచ్చాను.

దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాయడానికి వచ్చినవాళ్లకు చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాని భార్యను, ఫలానా వాని బిడ్డను అన్నారు. అలా రాసిన దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లే. మన దగ్గర పేరయితే రాశారు, కానీ ఏ పేరు? లచ్చవ్వ ఒక కాగితంలో లచ్చమ్మ, ఇంకో దాంట్లో లక్ష్మి. అత్తగారింట్లో అదే పేరు గల తోడికోడలుంటే మూడో పేరు పెడతారు. మనిషి ఒక్కతే, రికార్డుకు మాత్రం ముగ్గురు.

పేరు కన్నా పెద్ద చిక్కు పక్కనుండే గడితో. పెళ్లికి ముందు ఆ గడిలో తండ్రి పేరు రాస్తారు, పెళ్లయ్యాక భర్త పేరు. మగవాడికి పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకే తండ్రి పేరు కాబట్టి గొలుసు తెగదు. ఆడమనిషికి పెళ్లి దగ్గర తెగిపోతుంది. ములుగులో ఫలానా ఆయన బిడ్డ, వరంగల్‌లో ఫలానా ఆయన భార్య, ఇద్దరూ ఒకరేనని చెప్పే కాగితం కావాలి. తండ్రి పేరూ భర్త పేరూ ఒకే చోట కనిపించే ఆ కాగితాన్ని నేను వంతెన కాగితం అంటాను. మన పనిలో సగం దాన్ని వెతకడమే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మేడారం మన జిల్లాలోనే ఉంది. రెండేళ్లకోసారి లక్షల మంది మొక్కేది తల్లీబిడ్డలకు, సమ్మక్కకూ సారలమ్మకూ. పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి ఆమె గద్దె దగ్గరికి తీసుకొస్తారు. ఇంత పెద్ద తల్లి వరుస కళ్ల ముందే ఉన్నా, మన దరఖాస్తుల్లో తల్లి పేరుకు గడి రావడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో చూడండి.

ఇప్పుడు వరంగల్ సంగతి. నిజాం ప్రభుత్వం 1934లో అక్కడ ఆజంజాహి మిల్లు పెట్టింది. చుట్టుపక్కల తాలూకాల నుంచి జనం పొట్ట చేత పట్టుకుని వెళ్లారు. తర్వాత అది నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి వచ్చి, చివరికి మూతపడింది. మా అమ్మమ్మ ములుగు తాలూకాలో పుట్టి, ఆ మిల్లు కార్మికుణ్ణి పెళ్లి చేసుకుని వరంగల్ చేరింది. ఆమె ఎన్నడూ మిల్లు లోపలికి వెళ్లలేదు. బయట నుంచి ఆ మిల్లును బతికించిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. అన్నం డబ్బాలు మోసినవాళ్లు, ఇంట్లో బీడీలు చుట్టినవాళ్లు, ఆరుగురు మగవాళ్లకు వండి పెట్టినవాళ్లు ఏ హాజరు పట్టీలోనూ ఉండరు.

అయినా మిల్లు కాగితాల్లో ఆడవాళ్లు దొరుకుతారు. కాకపోతే వెతికే చోటు వేరు. చట్టం కార్మికుడిని నువ్వు పోతే డబ్బు ఎవరికివ్వాలి అని అడుగుతుంది, ఆ జవాబులో ఉంటారు. 1952 ప్రావిడెంట్ ఫండ్ చట్టం కింద నామినేషన్ ఫారం, ఇ.ఎస్.ఐ.లో కుటుంబ సభ్యుల వివరాలు, 1972 గ్రాట్యుటీ చట్టం కింద 'ఎఫ్' ఫారం ఉంటాయి. కాజీపేట రైల్వే వాళ్లకైతే పాసు కోసం ఇచ్చిన కుటుంబ వివరాలు ఉంటాయి. మనవాళ్లు వీటిని డబ్బు రాగానే పారేస్తారు. దయచేసి పారేయకండి. గ్రాట్యుటీ ఫారం రెండు ప్రతులు ఇస్తే ఒకటి సంతకంతో కార్మికుడికి తిరిగి వస్తుంది, కాబట్టి కంపెనీ మూతపడినా ట్రంకు పెట్టె అడుగున ఉండే అవకాశం ఉంది.

మా తాతయ్య ట్రంకు పెట్టెలో అది ఉంది. నామినీగా అమ్మమ్మ పేరు, వరస 'భార్య' అని రాసి ఉంది. దానివల్ల కొత్తగా తెలిసిందేమీ లేదు. కిందికి చూస్తే ఆ ఫారానికి ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్ల పూర్తి చిరునామా రాయాలి. ఒక సాక్షి అదే మిల్లులో పనిచేసిన అమ్మమ్మ సొంత అన్న. చిరునామా దగ్గర వరంగల్ ఇంటి నంబరు కాకుండా ములుగు తాలూకాలోని ఊరి పేరు రాశాడు. అది రుజువు కాదు. కానీ ఏ ఊరి పహాణీలు తెరవాలో చెప్పింది.

ఆ కాలపు పహాణీలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ అనగానే భయపడి వెనక్కి వచ్చేస్తారు మనవాళ్లు. చదవగలిగిన పెద్దమనిషి పక్కనుంటే చాలు, మీరు నాలుగు మాటలు పట్టుకుంటే దారి దొరుకుతుంది. వల్ద్ అంటే కొడుకు. బింత్ అంటే కూతురు. జౌజా అంటే భార్య. బేవా అంటే విధవ. నేను తిరగేసిన పుటల్లో బింత్ అనే మాట చాలా అరుదు. బేవా ఎక్కువ. మొగుడు పోయాకే ఆడమనిషి పట్టాదారు గడిలోకి వస్తుంది, కొడుకు పెద్దవాడు కాగానే వెళ్లిపోతుంది. సంవత్సరం ఫసలీలో ఉంటుంది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, నెలను బట్టి ఒకటి అటూ ఇటూ కావచ్చు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణలో భూమి తగాదాలకు పునాది లాంటిది, ముందు అది అడగండి.

ఏ ఆఫీసుకు పోవాలో కూడా తెలిసి ఉండాలి. ములుగు 2016 దాకా వరంగల్ జిల్లాలో, తర్వాత జయశంకర్ భూపాలపల్లిలో ఉంది. 2019 ఫిబ్రవరిలో సొంత జిల్లా అయింది. గోదావరి అవతలి వెంకటాపురం, వాజేడు వాళ్ల కథ వేరు. 1959 దాకా వాళ్లది తూర్పు గోదావరి జిల్లా, అంతకుముందు మద్రాసు ప్రభుత్వం. ఏటూరునాగారం అవ్వ ఉర్దూ కాగితంలో ఉంటే నది దాటిన చెల్లెలు మద్రాసు లెక్కల్లో ఉంటుంది. ఇక్కడ దొరకనివి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకొచ్చు.

మా వెతుకులాటలో నన్ను కుదిపేసింది పహాణీ కాదు, విరాసత్ ఫైలు. అమ్మమ్మ తండ్రి 1958లో పోయాడు. ఫౌతీ రాసుకుని భూమిని వారసుల పేరు మీదికి మార్చిన కాగితాలవి. పంచుల సంతకాలతో, వేలిముద్రలతో బాగా కుట్టి ఉంది. వారసులు ఇద్దరు కొడుకులు, ఇంకెవరూ లేరని రాశారు. అమ్మమ్మ అప్పటికి బతికే ఉంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. ప్రతి ఎండాకాలం పుట్టింటికి వెళ్లి ఒడిబియ్యం పోయించుకుని వచ్చేది. ఆమె అసలు పుట్టనే లేదని ఊరు ఊరంతా కలిసి సంతకం పెట్టింది.

ఆమె మళ్లీ పుట్టింది 1983లో. అన్నదమ్ములు అందులో కొంత భూమి అమ్మారు. కొనేవాడు జాగ్రత్తపరుడు, రేపు ఆడబిడ్డ వచ్చి అడిగితే ఎట్లా అన్నాడు. దాంతో ఆమెను వరంగల్ నుంచి పిలిపించి సమ్మతి కింద వేలిముద్ర వేయించారు. దస్తావేజులో ఫలానా వారి కూతురు, ఫలానా వారి భార్య, నివాసం వరంగల్ అని స్పష్టంగా రాశారు. వంతెన కాగితం అది. భూమి ఇవ్వాల్సినప్పుడు లేని బిడ్డ, అమ్ముకోవాల్సినప్పుడు దొరికింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేర్ల ఇండెక్సు ఉంటుంది, ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఆడవాళ్ల పేరు మీద వెతికి వదిలేయకండి. అన్నదమ్ముల పేర్లు పట్టుకుని వాళ్లు అమ్మిన దస్తావేజులు తీయించండి, సమ్మతిదారుల వరసలో అక్కచెల్లెళ్లు ఉంటారు.

1958 అనే సంవత్సరం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పోయిన తండ్రి వాటాలో కూతురు కూడా కొడుకులతో పాటు వారసురాలు. రెండేళ్లు ముందు పోయి ఉంటే కథ వేరుగా ఉండేది. మన రాష్ట్రంలో 1985 సవరణ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిన వాళ్లను వదిలేసింది. 2005 సవరణ ఆ తేడా తీసేసింది. అందుకే చావు తేదీ, పెళ్లి తేదీ, రెండింటికీ కాగితం వెతకాలి. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, అంతకుముందువి ఉంటే అదృష్టం.

గిరిజన స్త్రీలకు ఈ వారసత్వ చట్టం వర్తించదు, ఆచారమే చట్టం అంటారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక గోండు స్త్రీ పిల్లల కేసులో, ఆడవాళ్లకు వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉందని నిరూపించనప్పుడు ఆడదన్న కారణంతో వాటా లేదనడం వివక్షే అంది. ఆ పిల్లలు అడిగింది తాత ఆస్తిలో తమ తల్లి వాటా. ఇక్కడి కోయ అక్కలు ఆ తీర్పు తెలుగులో చెప్పించుకుని వినాలి.

మా అమ్మా పిన్నమ్మా వేసిన దావా నడుస్తోంది. కాలపరిమితి దాటిందని అవతలి వకీలు వాదన. గెలుస్తామని చెప్పలేను. అమ్మమ్మ బతికుంటే ఒప్పుకునేది కాదనే అనుకుంటాను. "తోడబుట్టినోని మీద కాయితం పెడతనా?" అనేది. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం చిన్నది కాదు. కాపురం చెడితే తిరిగి వెళ్లడానికి ఆడదానికి ఉన్న చోటు అదొక్కటే. మనం కార్యకర్తలం, కాగితం దొరకగానే కేసు వెయ్యమని తొందరపెడతాం. కాగితం వెతకడం వేరు, వాడుకోవడం వేరు. రెండోది ఆ మనిషి ఇష్టం. వెతికి పెట్టి ఉంచితే ఆమె బిడ్డ అడగొచ్చు.

2014లో కమలాపురం బిల్ట్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ కార్మికుల ఇళ్లలో కూడా ఫారాలు ఉంటాయి. ఈ వారం ఆ ఇళ్లకు వెళ్లే వాళ్లు నామినీ పేరు ఒక్కటే రాసుకుని రావద్దు, సాక్షుల పేర్లూ ఊళ్లూ రాసుకు రండి. అటవీ హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టంలోనే ఉంది. ఊరికి పోయినప్పుడు పత్రం బయటికి తీయించి చూడండి, ఆమె పేరుందా, ఏ పేరుంది, ఆధార్‌లో ఉన్న పేరే ఉందా అని.

భోజనాల తర్వాత ఆరు ఊళ్ల ఖాస్రా పహాణీ నకళ్లు ఇక్కడ బల్ల మీద పెడతాం. ఉర్దూ చదివే ఒక రిటైర్డ్ మాస్టారు వస్తున్నారు. మీ అవ్వ పుట్టిన ఊరు, ఆమె అన్నదమ్ముల పేర్లు ఒక చీటీ మీద రాసి ఉంచుకోండి. ఆయన ముందుగా ఆమె పేరు అడగరు, అవే అడుగుతారు.