బదిలీ అయిన మిత్రుడు

(సహోద్యోగి సంస్మరణ సభలో ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాటకు మన్నించాలి. సభామర్యాద ప్రకారం మిత్రుణ్ణి ‘ఆయన’ అనాలి. అలా అంటే ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు ఉంటుంది. అందుకే ‘వాడు’ అనే అంటాను.

2006లో ఇద్దరం ప్రొబేషనరీ ఆఫీసర్లుగా ఒకే రోజు చేరాం. రాజమండ్రిలో ఒకే గది, ఒకే క్యారియర్ భోజనం. సాయంత్రం క్యాష్‌లో తేడా వస్తే, అది ఎవరి కౌంటర్‌దైనా సరే, లెక్క తేలేదాకా వాడు కుర్చీలోంచి లేచేవాడు కాదు.

2015 గోదావరి పుష్కరాలనాటికి వేర్వేరు ఊళ్లలో ఉన్నాం. సెలవు పెట్టి మళ్లీ రాజమండ్రిలో కలిశాం. వాడు వాళ్ల నాన్నగారికి పిండప్రదానం చేస్తుంటే నేను మెట్ల మీద కూర్చున్నాను. ఎం.బి.ఏ. చదివిన తెలివి ఊరుకోదు కదా, “పోయినవాళ్లు ఎక్కడో ఉన్నారని నిజంగా నమ్ముతావట్రా?” అని అడిగాను. వాడు తల తుడుచుకుంటూ, “బదిలీ అయినవాడు బ్రాంచిలో ఉండడు. అంతమాత్రాన బ్యాంకులో లేనట్టేనా?” అన్నాడు. నేను నవ్వేశాను.

రెండు నెలల కిందట నిద్రలోనే గుండె ఆగి వెళ్లిపోయాడు. వాడి జీతం ఖాతా మా బ్రాంచిలోనే ఉంది. కంప్యూటర్‌లో ఆ పేరు పక్కన ‘మరణించిన ఖాతాదారు’ అని నమోదు చేసింది నా లాగినే. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత బరువైన ఎంట్రీ నేను వెయ్యలేదు. నామినేషన్ సక్రమంగా ఉండటంతో చెల్లెమ్మ ఒక్కసారి కూడా బ్యాంకు చుట్టూ తిరగాల్సిన పని పడలేదు. ఆ సాయంత్రమే నా లాకర్‌కు నామినేషన్ లేదని గుర్తొచ్చి, ఇచ్చేశాను.

పదో రోజున పిండం పెట్టి ఎదురుచూస్తున్నాం. కాకి రాలేదు. అరగంట గడిచింది. “ఏదో బెంగ ఉంది, ఎవరైనా మాటివ్వండి” అన్నారు పెద్దలు. చెల్లెమ్మకు గొంతు పెగల్లేదు. నేను ముందుకెళ్లి, “ఒరేయ్, పిల్లల చదువులు నేను చూసుకుంటాను, నిశ్చింతగా వెళ్లు” అన్నాను. కాసేపటికి కాకి వచ్చి ముట్టింది. కాకతాళీయం అనవచ్చు. ఆ మాటలోనూ కాకి ఉంది చూడండి!

అప్పుడు వాడి కొడుకు నా చెయ్యి పట్టుకుని, “మావయ్యా, నాన్న నిజంగా విన్నాడా?” అని అడిగాడు. నాకు జవాబు రాలేదు.

ఆ ప్రశ్న నన్ను కఠోపనిషత్తు దాకా తీసుకెళ్లింది. అందులోనూ అడిగింది ఒక పిల్లవాడే. మూడో వరంగా నచికేతుడు కోరింది ఇదే: పోయిన మనిషి ఉన్నాడంటారు కొందరు, లేడంటారు కొందరు, ఏది నిజం? యముడంతటివాడు వెంటనే చెప్పలేదు. ఈ సందేహం దేవతలకూ ఉంది, మరొకటి కోరుకో అన్నాడు. ఏనుగులు, గుర్రాలు, బంగారం, నూరేళ్లు బతికే సంతానం ఇస్తానన్నాడు. పిల్లవాడు వద్దన్నాడు. చివరికి యముడే చెప్పాడు, ఆత్మకు పుట్టుకా లేదు, చావూ లేదు అని.

ఈ హాల్లో వేర్వేరు మతాల వాళ్లం ఉన్నాం. ఆ లోకాన్ని ఒక్కొక్కరం ఒక్కో పేరుతో పిలుచుకుంటాం. కాగితం లేనిదే అప్పు ఇవ్వని వృత్తి మనది. ఈ విషయంలో నా దగ్గర కాగితమేమీ లేదు. అయినా నమ్ముతున్నాను. నమ్మకం వల్ల దుఃఖం పోలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం ఒంటిగంటకు వాడి ఫోన్ కోసం చెయ్యి జేబులోకి వెళుతుంది. కాకపోతే మునుపు ఆ దుఃఖానికి అవతలి ఒడ్డు కనిపించేది కాదు. ఇప్పుడు వాడు అక్కడ ముందే చేరి, నాకూ ఒక గది చూసి పెట్టి ఉంటాడనిపిస్తోంది. రాజమండ్రిలోనూ గది వెతికింది వాడే.

బాబూ, ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈ రోజు అందరి ముందూ చెబుతున్నాను. నాన్న విన్నాడు. బదిలీ అయ్యాడు, అంతే. నేనిచ్చిన మాటకు లెక్క అడుగుతాడు. తేలేదాకా లేవని మనిషి కదా!

సెలవు.