అరిజోనా పక్కన ఉన్న ఓడ

హవాయి వెళ్ళిన మనవాళ్ళంతా పెర్ల్ హార్బర్‌లో అరిజోనా స్మారకం చూసే వస్తారు. దాడి రోజు దాని పక్కనే కట్టి ఉన్న ‘వెస్టల్’ గురించి నాలుగు మాటలు చెప్తాను. మెకానికల్ ఇంజనీరుని కదా, నాకు ఆ ఓడంటే అభిమానం.

అది యుద్ధనౌక కాదు, మరమ్మతు నౌక. బొగ్గు మోయడానికి కట్టినదాన్ని 1913 నాటికి తేలే వర్క్‌షాపుగా మార్చారు.

1941 డిసెంబరు 7న దానికి రెండు బాంబులు తగిలాయి. ఒకటి వడ్రంగుల షాపులోంచి దూసుకుపోయి, ఓడ అడుగున అయిదడుగుల కన్నం పెట్టింది. అంతలో అరిజోనా పేలింది. ఆ ఊపుకి కమాండర్ కాసిన్ యంగ్ నీళ్ళలో పడ్డారు. అప్పటికే ఓడ వదిలెయ్యమని ఆజ్ఞ వెలువడింది. పక్కన అంత మంట చూసి ఆ మాట అన్నవాణ్ణి నేను తప్పుపట్టను. కానీ యంగ్ ఈదుకుంటూ తిరిగొచ్చి, ఆ ఆజ్ఞ రద్దుచేసి, ఒరుగుతున్న ఓడని లోతులేని చోటికి నడిపించి నేలకి ఆనించారు.

షిప్‌యార్డుకి ఊపిరాడని పని. మెకానిక్ సైకిలే ఎప్పుడూ పాడై ఉంటుందని నవ్వుకుంటాం గానీ, వీళ్ళు తమ ఓడని తామే బాగుచేసుకున్నారు!

1942లో నౌమియాలో, దెబ్బతిన్న విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ మీద వెస్టల్ పనివాళ్ళు ఎక్కారు. నవంబరు 11న అది మళ్ళీ యుద్ధానికి బయల్దేరినప్పుడు కూడా వాళ్ళు దాంట్లోనే ఉన్నారు, పని పూర్తికాలేదు మరి. రెండు రోజులకే, 13న, గ్వాడల్‌కెనాల్ దగ్గర ‘శాన్ ఫ్రాన్సిస్కో’ నౌకని నడుపుతూ యంగ్ మరణించారు.

వెస్టల్ మాత్రం యుద్ధం ముగిసేదాకా పనిచేసింది. 1946లో విరమణ ఇచ్చి, 1950లో తుక్కు కింద అమ్మేశారు.