మన నెత్తి మీద వెలిగిన గామా మెరుపు: దాన్ని కొలిచిందెవరు?

ఈరోజు ఒక చిన్న అనుభవంతో మొదలుపెడతాను. ఒకసారి వినాయక నిమజ్జనంలో డీజే బాక్సుల పక్కనే నిలబడి ఫోన్‌లో వీడియో తీశాను. ఇంటికొచ్చి ప్లే చేస్తే పాటే లేదు, "బర్ర్" మని గరగర ఒక్కటే! మైక్ పట్టుకోగలిగిన దానికంటే సౌండ్ ఎక్కువైపోయింది. ఇప్పుడు ఆ వీడియో విని, డీజే ఎంత గట్టిగా మోగిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. "చాలా గట్టిగా" అంటారు, అంతే.

సరిగ్గా ఇదే సమస్య 2022 అక్టోబర్ 9న అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపులకు వచ్చింది. ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. మన టైమ్ ప్రకారం సాయంత్రం 6 గంటల 47 నిమిషాలు. మన తెలుగు రాష్ట్రాలకు దాదాపు నడినెత్తి మీద నుంచి గామా కిరణాలు వరదలా వచ్చాయి. మనకెవరికీ ఏమీ కనబడలేదు. ఎందుకంటే గామా కిరణాలు కంటికి కనబడవు, పైగా వాటిని గాలి పొర పైనే ఆపేస్తుంది. అందుకే వీటిని పట్టాలంటే ఉపగ్రహాలు కావాలి.

అసలు ఏం జరిగింది? ఒక భారీ నక్షత్రం చివరి దశకొచ్చి, దాని మధ్యభాగం కుప్పకూలి బ్లాక్ హోల్ అయింది. అప్పుడు దాదాపు కాంతి వేగంతో ఒక సన్నటి ధార బయటికి దూసుకొస్తుంది. అది మన వైపు తిరిగి ఉంటే మనకు గామా కిరణ విస్ఫోటనంగా కనిపిస్తుంది.

మరి దీన్ని ఎలా పడతారు? గామా కిరణాలను మామూలు టెలిస్కోప్ అద్దంతో ఒకచోటికి చేర్చలేం, దూసుకెళ్ళిపోతాయి. అందుకని నాసా వాళ్ళ ఫెర్మీ ఉపగ్రహంలో ఈ పని కోసం 14 స్ఫటికాలు పెట్టారు. గామా కణం స్ఫటికాన్ని తాకగానే లోపల చిన్న మెరుపు వస్తుంది, అది కరెంట్ పల్స్‌గా మారుతుంది. పల్స్‌లు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే కిరణాలెన్నో తెలుస్తుంది. పల్స్ ఎంత పెద్దదో చూస్తే శక్తి తెలుస్తుంది. స్ఫటికాలు తలోవైపు చూస్తుంటాయి కాబట్టి, దేనికి ఎక్కువ తగిలాయో చూసి దిక్కు కూడా పట్టేస్తారు. సింపుల్ కదా!

కానీ ఆ సాయంత్రం ఒక పల్స్ పూర్తి కాకముందే ఇంకోటి దాని మీద పడిపోయింది. రెండు చిన్న పల్స్‌లు కలిసి ఒక పెద్ద పల్స్‌లా కనబడ్డాయి. అంటే లెక్కా తప్పే, శక్తీ తప్పే! అచ్చం నా నిమజ్జనం వీడియోలాగే.

ఇంకో తమాషా చూడండి. స్విఫ్ట్ అనే ఇంకో ఉపగ్రహం దీన్ని దాదాపు 53 నిమిషాల తర్వాత చూసింది. అది కనబడింది మన పాలపుంత పట్టీ ఉన్న దిక్కున. అందుకని మొదట మన గెలాక్సీలోనే ఏదో కొత్త వస్తువు అనుకున్నారు. ఫెర్మీ డేటాతో పోల్చి చూశాకే రెండూ ఒకటే అని తెలిసింది. తర్వాత చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ దాని కాంతిని విడదీసి చూసింది. పక్కింటిది అనుకున్న ఆ వెలుగు 190 కోట్ల ఏళ్ళు ప్రయాణించి వచ్చింది!

మరి కొలిచిందెవరు? చైనా వాళ్ళ గెకామ్-సి. అప్పటికి అది పైకి వెళ్ళి మూడు నెలలు కూడా కాలేదు. రేడియేషన్ ఎక్కువగా ఉండే ప్రాంతం కోసం ఆ సమయంలో దాన్ని ప్రత్యేక సెట్టింగ్‌లో నడుపుతున్నారు. ఆ సెట్టింగ్ వల్లే అది ఉక్కిరిబిక్కిరి కాలేదు, అసలు వెలుగును పూర్తిగా రికార్డు చేసింది. ఫెర్మీ టీమ్ కూడా ఊరుకోలేదు. తమ పరికరం ఎక్కడ తడబడిందో ఒప్పుకుని, ఆ సెకన్ల డేటాను పక్కనపెట్టి, సరిదిద్దగలిగినంత సరిదిద్దారు. వేర్వేరు టీమ్‌ల లెక్కలు దగ్గరదగ్గరగానే వచ్చాయి. వెలుగు అన్ని వైపులకూ సమానంగా వెళ్ళిందనుకుంటే, సుమారు 6 నుంచి 8 సూర్యుళ్ళ ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారినంత! నిజానికి ధార సన్నటిది కాబట్టి అసలు శక్తి దానికంటే చాలా తక్కువే. అయినా సరే, మన భూమి పైపొర అయనోస్ఫియర్ కదిలిపోయింది. ఇలాంటిది పదివేల ఏళ్ళకోసారి వస్తుందని అంచనా.

మనకూ ఇందులో భాగం ఉంది. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఇప్పటికే 600కు పైగా ఇలాంటి విస్ఫోటనాలను పట్టింది.

"ఒక మంచి టెలిస్కోప్ చాలదా, ఇన్ని ఎందుకు?" అని ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పండి. ఎంత మంచి పరికరానికైనా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు ఎక్కడో తెలిస్తేనే అది చెప్పే నంబర్‌ని నమ్మగలం. హద్దు దాటినప్పుడు పక్కన ఇంకొకటి ఉండాలి.

మీ డౌట్లు కామెంట్లలో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!