సూర్యరశ్మిని బట్టెడి పలుచని పొర
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నేను రసాయనశాస్త్రము నభ్యసించితిని. “ప్రయోగశాలలో నిన్ని యేండ్లు కూర్చుండి చేయున దేమి?” యని మన బంధువులు నన్ను తఱచుగా నడుగుచుందురు. నేఁడు దానికిఁ బ్రత్యుత్తర మీయఁదలంచితిని.

గోడలకు వేయు తెల్లరంగులో టిటానియము డయాక్సైడను పొడి యుండును. దీనినొక ధ్రువముగను, ప్లాటినమును రెండవ ధ్రువముగను నీటిలో నుంచి వెలుఁగు సోకించినచో, నీరు ఉదజనిగను ప్రాణవాయువుగను విడిపోవునని 1972లో జపాను దేశీయులగు ఫుజిషిమా, హోండాలు ప్రకటించిరి. తాను వ్యయము గాక యితర పదార్థముల మార్పునకుఁ దోడ్పడు దానిని ఉత్ప్రేరకమందురు. వెలుఁగుతోఁ బనిచేయు నుత్ప్రేరక మిట్లు లభించెను. కాని యీ పదార్థము అతినీలలోహిత కిరణములనే గ్రహించును. నేలను జేరు సూర్యశక్తిలో నవి నూటికి సుమా రయిదు పాళ్లకు మించవు.

ఆ లోపమే తరువాతివారికి మార్గము చూపెను. 1991లో స్విట్జర్లండునందు ఓరీగన్, గ్రెట్సెల్ అను శాస్త్రజ్ఞులు ఆ పొడినే పలుచని పొరగాఁ బఱచి, దానికి వర్ణద్రవ్యమును బట్టించిరి. కంటికిఁ గనఁబడు వెలుఁగును ఆ వర్ణద్రవ్యము గ్రహించి, ఎలక్ట్రానులను పొర కందించును. సూర్యశక్తిలో నూటికి ఏడు పాళ్లు విద్యుత్తయ్యెను. 2009లో జపానునందు మియాసాకా బృందమువారు వర్ణద్రవ్యమునకు బదులు పెరావ్‌స్కైటను స్ఫటికమును వాడిరి. వచ్చిన ఫలితము 3.8 పాళ్లే. అదియు లోపలి ద్రవమునఁ గరఁగి కొలఁది నిమిషములలో క్షీణించెను. “ఇది పనికిరాదు” అని యందఱు నాఁడే విడిచిపెట్టియుండిన, కథ యంతటితో ముగిసెడిది. అట్లు జరుగలేదు. 2012లో ద్రవమునకు బదులు ఘనపదార్థము నుంచఁగా ఫలితము పదిపాళ్లకుఁ జేరెను. అటు పిమ్మటఁ బ్రయోగశాలలలో నిరువదియాఱు పాళ్లను దాఁటినది.

ఈ పొరను జేయు విధము మన యాఁడుపడుచుల కాశ్చర్యము గొలుపదు. పెనముమీఁద దోసెపిండిని గుండ్రముగాఁ బఱచినట్లే, గిరగిర దిరుగు గాజుపలకపై ద్రావణపుఁ జుక్కను వేసి పఱచి, పిదప వేఁడిచేయుదురు. పొర మందము తలవెండ్రుకలో సుమారు నూఱవవంతు. తేమ తగిలినను, వేఁడిమి హెచ్చినను నది చెడును. పైగా నందు సీసముండును. ఇంటికప్పుపై నిరువదియేండ్లు నిలుచు పొరను జేయుటయే మా ముందున్న పని. నేఁ జేసిన పొరలలో నధికభాగము చెడినవే. ఏది యెందులకుఁ జెడెనో వ్రాసి యుంచుటయే నా విద్య.

కావున నొక్క విన్నపము. మన విద్యానిధి పట్టపరీక్షతో నాఁగిపోవుచున్నది. ఉద్యోగము రాఁగానే చదువు ఫలించెనని సంతసింతుము. తగినదే. అయినను పరిశోధకునకు నాలుగైదేండ్లు ఫలము కనఁబడకపోవచ్చును. ఆ కాలమందే యింటివారి పోరు, పైకపు బాధ యెక్కువ. తెలివిగల బాలబాలికలు అచ్చటనే వెనుదిరుగుచున్నారు. ఏఁటేఁట నొక్క విద్యార్థికైన, బాలికయైనను బాలుఁడైనను, అయిదేండ్ల వేతనము నేర్పఱుపుఁడు. “ఏమి సంపాదించితివి?” అని యడుగుటకు మాఱుగా “ఏమి తెలిసికొంటివి?” అని యడుగుఁడు. దాతలు ఈ సభయందే యుపక్రమింతురని నమ్ముచున్నాను.