పిల్లల కాలి ఎముక గడ్డలు – కాలు నిలుపు చికిత్స
(ప్రసంగ పాఠము)



మేము ఎముకల వైద్యము చేయువారము. మేము ఒక్క మాట చెప్పుటకు వచ్చితిమి. బిడ్డ కాలినొప్పి రెండు మూడు వారములు దాటినను తగ్గనిచో, రాత్రి నిద్రలో లేపుచున్నచో, దానిని బెణుకని ఊరుకొనవద్దు.

ఈ మాట మేము నేర్చుకొన్నది ఒక బాలుని వలన. కొన్ని సంవత్సరముల క్రిందట పదకొండేండ్ల పిల్లవానిని తండ్రి మా యొద్దకు తెచ్చెను. ఆటలో చీలమండ బెణికినదనిరి. మేము కట్టు కట్టి, మాత్రలిచ్చి పంపితిమి. “రాత్రుళ్ళు నొప్పితో లేచి ఏడుస్తున్నాడండీ” అని తల్లి చెప్పిన మాట మా చెవిని పడినది గాని మనస్సున పడలేదు. ఎక్స్‌రే తీయించలేదు. ఇంటివద్ద నూనె మర్దనలు జరిగినవి. నాలుగు నెలలకు వారు తిరిగి వచ్చుసరికి గడ్డ పెరిగి నరమును, రక్తనాళమును చుట్టుకొని యున్నది. మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చినది. బాలుడు బ్రతికినాడు. మొదటి దినముననే గుర్తించి యుండినచో కాలు కూడ నిలుచు అవకాశముండెడిది. ఆ లోపము మాదే.

పిల్లల ఎముకలలో పుట్టు గడ్డలన్నియు క్యాన్సరు కావు. అనేకము ప్రాణాపాయము లేనివే. భయపడవలసినవి ముఖ్యముగా రెండు: ఆస్టియోసార్కోమా, ఈవింగ్ సార్కోమా. ఇవి ఎక్కువగా 10 నుండి 20 ఏండ్ల మధ్య, ఎదిగే వయస్సున కనబడును. ఆస్టియోసార్కోమా తరచుగా మోకాలి దగ్గర వచ్చును. చీలమండ దగ్గర అరుదు. అరుదు గనుకనే అక్కడ ఎవరికిని అనుమానము తోచదు. దెబ్బ తగిలినందున ఈ వ్యాధి రాదు. దెబ్బ తగిలిననాడు మన చూపు అటు పడును, అంతే. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల దోషము కాదు.

1970కి పూర్వము ఈ వ్యాధికి కాలు తీసివేయుటయే చికిత్స. అయినను ఆస్టియోసార్కోమా వచ్చిన నూరుమందిలో ఎనుబదిమంది వరకు మరణించెడివారు. కంటికి కానరాని కణములు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి యుండుటయే కారణము. 1970 దశకములో మెథోట్రెక్సేట్, ఎడ్రియామైసిన్ అను మందులు ఈ స్థితిని మార్చినవి. మెథోట్రెక్సేట్ వంటి మందులకు బాట వేసిన పరిశోధన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో జరిగినది. దానిని నడిపినవారు 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువారమైన మనకిది స్మరింపదగిన సంగతి.

ఆ దశకముననే న్యూయార్కు వైద్యులు రోగికి తగిన లోహపు ఎముక తయారగువరకు ఊరకుండక, ముందుగానే మందులిచ్చిరి. ఆ పద్ధతియే నేటికిని నిలిచినది. ముందు మందులు, పిమ్మట శస్త్రచికిత్స, మరల మందులు. వ్యాధి ఇతర చోట్లకు పాకక ముందు పూర్తి చికిత్స పొందినవారిలో నేడు నూటికి అరువదిమంది వరకు అయిదేండ్లు దాటి జీవించుచున్నారు.

ఇక చీలమండ సంగతి. తొడవద్ద ఎముక చుట్టును దట్టమైన కండ యుండును. చీలమండవద్ద చర్మము క్రిందనే ఎముక. నరములు, రక్తనాళములు దానిని ఆనుకొనియే పోవును. గడ్డను దాని చుట్టునున్న మంచి భాగముతో సహా తీయవలెను; తీసిన పిమ్మట కప్పుటకు చర్మము చాలదు. అందుచేత ప్లాస్టిక్ సర్జను సాయము అవసరమగును. పోయిన ఎముక స్థానమున కాలి ప్రక్కనున్న సన్నని ఎముకను అమర్చవచ్చును. లేదా తీసిన ఎముకకే ఎక్కువ రేడియేషన్ ఇచ్చి కణములను చంపి తిరిగి పెట్టవచ్చును. తరచుగా కీలును కదలకుండ అతికించవలసి యుండును. ముంగాలి పెద్ద ఎముక పెరుగుదలలో నూటికి నలుబది పాళ్లు చీలమండ వైపునుండియే జరుగును. కనుక చిన్న బిడ్డకు ఆ కాలు పొట్టియగును. ఎత్తు చెప్పు గాని, తరువాత మరియొక శస్త్రచికిత్స గాని కావలసి వచ్చును.

పదమూడేండ్ల బాలికకు ఈ విధముగా కాలు నిలిపితిమి. “ఆడపిల్లండీ, కాలు తీసేస్తే రేపు దాని బతుకేమిటి?” అని తండ్రి మొదటి దినమున బిడ్డను తీసికొని వెళ్ళిపోబోయెను. మేము ఆపి, కూర్చుండబెట్టి, అన్నియు వివరించితిమి. జుట్టు రాలినది, వాంతులైనవి, ఏడాదికి పైగా కట్టుతో గడచినది. నేడామె నడచి కళాశాలకు పోవుచున్నది. గొంతుక్కూర్చొనలేదు, పరుగెత్తలేదు. మేము దాచక చెప్పుచున్నాము.

ఎల్లప్పుడు కాలు నిలుపుటయే మేలని మేమనము. గడ్డ నరమును పట్టినప్పుడు, పుండు పడినప్పుడు కాలు తీయుటయే ప్రాణరక్షణ. మోకాలు మిగిలినచో కృత్రిమ పాదముతో చక్కగా నడువవచ్చును. 1968లో రూపొందిన జైపూరు పాదమును మీరెరుగుదురు. 1981లో ప్రమాదములో కాలు పోగొట్టుకొన్న సుధా చంద్రన్‌గారు ఆ పాదముతో మరల నాట్యమాడిరి; ఆమె కథయే మయూరి చిత్రము. కాలు పోవునని భయపడి చికిత్స మాని వెళ్ళిపోయిన బిడ్డలు మరల మా వద్దకు వచ్చునప్పటికి ఊపిరితిత్తులలో వ్యాధి యుండును. అంతకన్న దుఃఖకరమైన దృశ్యము మాకు లేదు.

కనుక మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. తగ్గని నొప్పికి, పెరుగుచున్న వాపునకు మర్దన చేయించక ఎక్స్‌రే తీయించుడు. ఎక్స్‌రేలో అనుమానమున్నచో తొందరపడి ఎక్కడబడితే అక్కడ ముక్క తీయించవద్దు. అడ్డముగా కోసిన చిన్న గాటు వలన నిలువవలసిన కాలు పోవచ్చును. చివరి శస్త్రచికిత్స చేయు వైద్యుడే, స్కానింగు తరువాత బయాప్సీ చేయవలెను. ఖర్చునకు జంకి ఆగవద్దు. ప్రభుత్వ ఆరోగ్య పథకములలో క్యాన్సరు చికిత్స చేరి యున్నది, ఆసుపత్రిలో అడిగి తెలిసికొనుడు.

కాలు తీసిన ఆ బాలుడు పెరిగి, ఏటేటా పరీక్షకు తన కృత్రిమ పాదముతో నడచి వచ్చుచున్నాడు. మమ్ము నిందించలేదు. వాని తల్లి మాత్రము ఒకనాడు, “మిగతా పిల్లల తల్లులకు చెప్పండయ్యా” అన్నది. ఆ మాటను మీకు చెప్పితిమి. మీరును మీ ఇంటివారికి, మీ వీధివారికి చెప్పుడు.