నల్ల రాజును చూసి వాళ్లెందుకు ఏడ్చారు?

(యువజన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన సమావేశంలో మన కుర్రోళ్లు ఒక మాట లేపారు. అంబేద్కర్ జయంతి రాత్రి వాడలో తెర కట్టి 'బ్లాక్ పాంథర్' సినిమా చూపిద్దాం, ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వండి అన్నారు. పెద్దోళ్లకు కోపం వచ్చింది. "సంఘం డబ్బంటే కూలోళ్ల చెమట. దాన్ని గాల్లో ఎగిరే బొమ్మలకు తగలేస్తారా?" అన్నారు. తీర్మానం కాకుండానే లేచిపోయాం. ఇవ్వాళ మమ్మల్ని మాట్లాడమన్నారు.

పెద్దోళ్ల మాటను మేము తీసిపారెయ్యడం లేదు. సినిమా మన పిల్లల్ని ఏం చేస్తున్నదో వాళ్లకు తెలుసు. హీరో కటౌటుకు పాలు పోసేది మనోడు. ఫ్లెక్సీ కట్టడానికి కరెంటు స్తంభం ఎక్కేది మనోడు. ఆ హీరో కులపోళ్ల వీధిలో మంచినీళ్లడిగితే చెంబు ఎట్లా అందుతుందో తెలిసింది కూడా మనోడికే. అందుకే పెద్దోళ్లకు సినిమా అంటే మంట. ఆ మంట న్యాయమైందే. కానీ ఈ సినిమా చూసి అమెరికాలో నల్లవాళ్లు ఏం చేశారో ముందు వినండి. తర్వాత తేల్చుకుందాం.

కథ రెండు ముక్కల్లో చెబుతాం. ఆఫ్రికాలో వకాండా అనే దేశం. నిజంగా లేదు, కల్పించింది. తెల్లవాడు అడుగుపెట్టి ఏలని దేశం అది. భూమిలో దొరికే ఒక వింత లోహంతో ప్రపంచానికి తెలియకుండా అందరికంటే ముందుకుపోయిన దేశం. దాని రాజు నల్ల చిరుత వేషం కట్టి పోరాడతాడు. అంగరక్షకులంతా ఆడవాళ్లే. చెల్లెలు దేశంలోకెల్లా పెద్ద శాస్త్రవేత్త.

ఇంతేనా అంటారు. ఇంతే. కత్తి పట్టిన రాజుల్ని మన జానపద సినిమాల్లో బోలెడుమందిని చూశాం. ఇక్కడ కొత్త ఏందంటే రాజు నలుపు. రాణి నలుపు. సేనాని నలుపు. శాస్త్రవేత్త నలుపు. సినిమా తీసిన ర్యాన్ కూగ్లర్ నలుపు. ఆ రాజ్యంలో మాట్లాడే భాష దక్షిణాఫ్రికా నల్లవాళ్ల ఖోసా భాష, నెల్సన్ మండేలా తల్లి భాష. మన వాడ మాట తెర మీద ఎప్పుడు వినిపిస్తుంది? ఎక్కువగా నవ్వించడానికే గదా! అక్కడ వాళ్ల మాట సింహాసనం మీద కూర్చుంది.

2018 ఫిబ్రవరి 16న ఆ సినిమా అమెరికాలో విడుదలయింది. అంతకు ముందు నుంచే సందడి. పోస్టరు ముందు నిలబడి ఒకతను, తెల్లోళ్లకు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందా అని అడిగిన వీడియోను జనం ఊరూరా తిప్పారు. ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం ఉంది. మనలాంటి మొహం గోడ మీద అంత పెద్దగా ఉంటే లోపల ఏమవుతుందో, పుట్టినప్పటి నుంచి దాన్ని చూస్తున్నోళ్లకు తెలియదు. చూడనోళ్లకు తెలుస్తుంది.

అట్లాంటాలో ఒక బడిలో, మీ అందర్నీ ఆ సినిమాకు తీసుకుపోతున్నాం అని చెప్పగానే పిల్లలు బల్లలెక్కి గంతులేశారు. న్యూయార్కులో హార్లెం అనే నల్లపేటలో పిల్లల టికెట్లకు ఒక యువకుడు చందా మొదలుపెట్టాడు. అడిగింది 10 వేల డాలర్లు. వచ్చింది 40 వేల పైన. అది చూసి వేరే ఊళ్లలోనూ చందాలు లేచాయి. గుర్తుపెట్టుకోండి, ఆ హార్లెం పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో 1913 నుంచి 1916 దాకా మన బాబాసాహెబ్ చదువుకున్నాడు.

విడుదల రోజున సినిమాకు పోతున్నట్టు పోలేదు వాళ్లు, పెళ్లికి పోతున్నట్టు పోయారు. ఆఫ్రికా రంగుల బట్టలు కట్టారు. తలపాగాలు చుట్టారు. తాతమ్మలను చెయ్యిపట్టి తీసుకొచ్చారు. గుండెల మీద రెండు చేతులూ అడ్డంగా కట్టి సినిమాలో వందనం ఒకరికొకరు పెట్టుకున్నారు. సినిమా అయిపోయినా హాలు బయట నిలబడి ఏడ్చినోళ్లున్నారు. అమెరికాలో మామూలుగా పెద్ద సినిమాకు వచ్చేవాళ్లలో నూటికి 15 మంది నల్లవాళ్లయితే, దీనికి మొదటి వారాంతంలో 37 మంది వచ్చారని లెక్క కట్టారు.

ఎందుకు ఏడ్చారు? హాలు చరిత్ర తెలిస్తే ఆ ఏడుపు అర్థమవుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలాకాలం నల్లవాళ్లను సినిమా హాలు ముందు వాకిలి నుంచి రానిచ్చేవాళ్లు కాదు. పక్క సందులో వేరే మెట్లు. అవెక్కి పైన బాల్కనీలో కూర్చోవాలి. మన దగ్గర బాల్కనీ డబ్బున్నోళ్లది, నేల మనది. అక్కడ కింద తెల్లోళ్లది, బాల్కనీ నల్లోళ్లది. పైనయినా కిందయినా వేరు పెట్టడం ఒకటే! ఇక తెర మీద ఏం చూపించారు? 1915లో 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే సినిమా వచ్చింది. నల్లవాణ్ని మృగంగా చూపించి, నల్లవాళ్లను చంపే కూ క్లక్స్ క్లాన్ ముఠాను వీరులుగా చూపించింది. దాన్ని అమెరికా అధ్యక్షుడి భవనంలోనే వేసుకుని చూశారు. చచ్చిపోయిన ఆ ముఠా అదే ఏడాది మళ్లీ పుట్టింది. సినిమా ఉత్త బొమ్మ అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాల. ఆ 1915 నుంచి 2018 దాకా నూట మూడేళ్లు. ఆ నూట మూడేళ్ల ఏడుపది.

ఇంకో సంగతి. ఆ సినిమా ఆడిన మొదటి రోజుల్లోనే కొందరు జాత్యహంకారులు ఒక పుకారు లేపారు. హాల్లో నల్లవాళ్లు తెల్లవాళ్లను పట్టుకుని కొడుతున్నారని, ఎక్కడెక్కడివో దెబ్బల ఫొటోలు తెచ్చి పెట్టారు. అంతా అబద్ధమని తేలిపోయింది. నల్లవాడు హాల్లో తలెత్తి కూర్చుంటే అహంకారి కంటికి అది దాడిగానే కనిపిస్తుంది.

ఈ మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చుండూరు ఎక్కడ మొదలయింది? సినిమా హాల్లో. 1991 జులైలో సినిమా చూస్తున్న మన చదువుకున్న కుర్రోడి కాలు ఒక పెద్దకులపోడికి తగిలింది. అంతే. చీకట్లో కాలు తగలడం నేరమయింది. దాని మీద కొట్టడాలు, సాంఘిక బహిష్కారం, చివరికి ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. టికెట్టు డబ్బులు అందరివీ సమానమే. కాలు మాత్రం సమానం కాదు. అందుకే అంటున్నాం, హాల్లో ఎవరు ఎట్లా కూర్చున్నారన్నది చిన్న విషయం కాదు. ఆ నల్ల తాతమ్మ ముందు వాకిట్లోంచి నడిచి పోయి, మధ్య వరసలో కూర్చుని, తన రంగు రాజును చూసి ఏడ్చిందంటే అది పిచ్చి కాదు.

ఆ రాజు వేషం కట్టిన చాడ్విక్ బోస్‌మన్ ఒక సంగతి చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. క్యాన్సరుతో ఉన్న ఇద్దరు పిల్లలు ఈ సినిమా వచ్చేదాకా బతకాలని పట్టుబట్టి ఉన్నారట. చూడకుండానే పోయారు. అప్పటికే అతనికీ క్యాన్సరని బయటోళ్లకు తెలియదు. 2016 నుంచి ఆ జబ్బుతోనే ఆ ఫైటింగులన్నీ చేశాడు. 2020 ఆగస్టు 28న, 43 ఏళ్లకు చనిపోయాడు. అప్పుడు నల్ల పిల్లలు తమ బొమ్మల్ని వరసగా నిలబెట్టి, చిన్న బొమ్మ రాజుకు సాగనంపుడు చేశారు. ఇది అభిమానం. డబ్బిచ్చి జై కొట్టించుకునేది వేరు, ఇది వేరు.

ఇప్పటిదాకా చెప్పింది సగమే. రెండో సగం వినకపోతే మనం మోసపోతాం.

ఏడ్చిన వాళ్లే ఇంటికొచ్చి కొట్లాడుకున్నారు. దేనికి? ఆ సినిమాలో కిల్‌మాంగర్ అని ఒకడున్నాడు. అమెరికాలో ఓక్లాండ్ పేటలో తండ్రి లేకుండా పెరిగిన నల్ల కుర్రోడు. వకాండా దగ్గర ఇంత బలముంటే ప్రపంచంలో నల్లవాళ్లు తన్నులు తింటుంటే ఎందుకు దాక్కున్నారు, ఆ ఆయుధాలు వాళ్లకివ్వండి అంటాడు. అడిగింది న్యాయమే. కానీ కథలో అతన్ని హంతకుణ్ని చేశారు. చివరికి చంపారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనిషినేమో మంచోణ్ని చేసి, వకాండాను కాపాడేవాళ్లలో కలిపారు. చాలామంది నల్లవాళ్లు అడిగారు: మా పక్షాన ప్రశ్న వేసినోడు చావాలా? సీఐఏ వాడు మాకు చుట్టమెప్పుడయ్యాడు?

ఈ ప్రశ్న ఎందుకు అంత మండిందో తెలియాలంటే ఓక్లాండ్ గురించి తెలియాల. అక్కడే 1966 అక్టోబరులో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసి బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. పోలీసోళ్లు నల్లపేటల్లో కొడుతుంటే ఎదురు నిలబడ్డారు. 1969లో పేద పిల్లలకు బడికి ముందు ఉచితంగా పొద్దుటి తిండి పెట్టారు. ఆ చిరుత గుర్తు ఎక్కడిది? అలబామా రాష్ట్రం లోండెస్ జిల్లాలో నల్లవాళ్లే ఎక్కువ, అయినా 1965 దాకా ఓటర్ల జాబితాలో వాళ్లు దాదాపు లేనే లేరు. ఓటు తెచ్చుకున్నాక పెట్టుకున్న సొంత పార్టీకి ఎన్నికల గుర్తు నల్ల చిరుత. మన దగ్గర చెయ్యి, సైకిలు, ఏనుగు ఉన్నట్టే, చదువు రానోళ్లు గుర్తుపట్టడానికి. బొమ్మల పుస్తకంలో ఈ రాజు పాత్రను స్టాన్ లీ, జాక్ కర్బీ అనే ఇద్దరు తెల్లవాళ్లు కూడా 1966లోనే కల్పించారు. కానీ పార్టీ పేరు బొమ్మల పుస్తకంలోంచి రాలేదు, ఓటు పోరాటంలోంచి వచ్చింది. ఆ పార్టీ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ను 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున షికాగోలో పోలీసులు ఇంట్లో పడి కాల్చి చంపారు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఆ పాంథర్ల పేరు తీసుకునే 1972లో బొంబాయిలో మనోళ్లు దళిత పాంథర్స్ పెట్టారు. కాబట్టి ఈ పేరు మనకు పరాయిది కాదు. తెర మీద పాంథర్ను చూసి చప్పట్లు కొట్టి, నేల మీద పాంథర్ను మరిచిపోతే నష్టం మనకే.

ఇక డబ్బు. ఆ సినిమా ప్రపంచమంతా కలిపి దాదాపు 134 కోట్ల డాలర్లు వసూలు చేసింది. సినిమా కంపెనీ డిస్నీది. పిల్లల క్లబ్బులకు సైన్సు నేర్పడానికి అని డిస్నీ 10 లక్షల డాలర్లిచ్చింది. లెక్కేసి చూడండి: వసూలైన ప్రతి వెయ్యి రూపాయలకు ముప్పావలా. హాళ్ల వాటా తీసేసినా ఇది ఉప్పుకు చాలని లెక్కే. ఏడుపు నల్లోళ్లది, పెట్టె కంపెనీది. అయినా ఒక మాట ఒప్పుకోవాల. బట్టలు రూపొందించిన రూత్ కార్టర్, సెట్లు రూపొందించిన హానా బీచ్లర్ 2019లో ఆస్కారు తెచ్చుకున్నారు. ఆ రెండు పనులకూ ఆస్కారు అందుకున్న మొదటి నల్ల ఆడవాళ్లు వాళ్లే. తలుపు కొంచెం తెరుచుకుంది. ఇల్లు మాత్రం ఇంకా వాళ్లది కాలేదు.

మరి మనమేం చెయ్యాల?

తెర కడదామనే మేము అంటున్నాం. పెద్దోళ్లు ఒప్పుకుంటే, మూడు షరతుల మీద. ఒకటి, సంఘం నిధి ముట్టుకోవద్దు. కటౌటు పాలకు, ఫ్లెక్సీకి ఇంటింటా చందా వేసే కుర్రోళ్లు ఈసారి ఆ డబ్బు దీనికి తేవాల. హార్లెం కుర్రోడు చేసింది అదే గదా. రెండు, ముందు వరసలో పిల్లలు, ఆడవాళ్లు. మాల, మాదిగ అని వేరు చాపలు లేవు. వేరు చాపలు వేసుకుని నల్ల రాజును చూస్తే మనం చూసింది ఏమీ లేదు. మూడు, మధ్యమధ్య ఆపి మన మాటల్లో కథ చెప్పుకోవాల. అయిపోయాక లేచిపోకుండా కూర్చుని అడుక్కోవాల: కిల్‌మాంగర్ ఎందుకు చచ్చాడు? డబ్బు ఎవడికి పోయింది? ఓక్లాండులో నిజంగా ఏం జరిగింది? చుండూరు హాల్లో ఏం జరిగింది?

పెద్దోళ్లకు ఒక విన్నపం. చీకట్లో మన పిల్లల మొహాలు చూడండి. తెర మీద నల్ల మొహం రాజుగా నిలబడినప్పుడు ఆ కళ్లల్లో ఏమవుతుందో చూడండి. అప్పటికీ డబ్బు తగలేశారనిపిస్తే పై సమావేశంలో మమ్మల్ని నిలదీయండి, ఒప్పుకుంటాం.

కుర్రోళ్లకు ఒక మాట. ఏడవండి, ఈలలెయ్యండి, తప్పులేదు. కానీ తెర తీసేశాక మర్నాడు పొద్దున చెరువు దగ్గర, హోటలు బల్ల దగ్గర, బడి బెంచీ మీద కూడా ఆ రాజు నిలబడ్డట్టే నిలబడాల. వకాండా లేదు. మన వాడ ఉంది.

జై భీమ్!