అప్పటికప్పుడు వాయించేవాళ్ల బుర్రలో ఏముంటుంది?

రామకుప్పం నుంచి మాట్లాడుతున్నా. జాజ్ వాళ్లు కాగితం చూడకుండా అప్పటికప్పుడు అల్లి వాయిస్తారు కదా, అప్పుడు ఏం ఆలోచిస్తారు?

2008లో అమెరికాలో చార్లెస్ లిమ్, అలెన్ బ్రాన్ ఆరుగురు జాజ్ పియానిస్టుల చేత స్కానర్‌లో పడుకోబెట్టి కీబోర్డు వాయింపించారు. కంఠతా వచ్చింది వాయించినప్పటికంటే, సొంతంగా అల్లేటప్పుడు మెదడులో 'తప్పు పోతుందేమో' అని కాపలా కాసే భాగం నెమ్మదించింది.

మరి కాపలా తగ్గితే దారి తప్పరా? జవాబు మన కర్ణాటక సంగీతంలోనే ఉంది. మన పుంగనూరు వైపు పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై లయకు పెట్టింది పేరు. 1954లో సంగీత కళానిధి అందుకున్నారు. కల్పనస్వరాలు పాడేవాళ్లు ఒక్కో స్వరాన్నీ వెతుక్కోరు. ఆదితాళం ఎనిమిది దెబ్బలు చేతిలో నడుస్తుంటాయి, పాట ఎత్తుకున్న చోటికి సరిగ్గా చేరాలన్నదే గురి. జాజ్‌లోనూ పన్నెండు బార్ల బ్లూస్ తిరిగి మొదటికే వస్తుంది.

అందుకే 'నాకు టాలెంట్ లేదు' అని ఆపేయకండి. తాళం చేతికి ఎక్కేదాకా సాధన చేయండి. తర్వాత మూడు స్వరాలతోనే మొదలుపెట్టండి, ఎనిమిదో దెబ్బ దాటగానే మొదటికి చేరండి. చేరే చోటు తెలిస్తే భయం దానంతటదే తగ్గుతుంది. ట్రై చేసి చెప్పండి, ఉంటా!